చేను కావలికి రివాల్వర్ పనికొస్తుందా?

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల పల్లెల్లో తుపాకీ మాట ఎందుకు వస్తోందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. బుడ్డలు, అంటే వేరుశనగ, కాయ ఊరే రోజుల్లో పందుల గుంపు ఒక్క రాత్రి దిగిందంటే తెల్లారేసరికి చేనంతా నాగలి పెట్టి దున్నినట్టుంటుంది. నల్లరేగడి నేలల్లో జింకల మందలు లేత మొలకలను మేసిపోతాయి. కొండల అంచున చేలున్నవాళ్ళకు చిరుత భయం, ఎలుగు భయం ఉండనే ఉన్నాయి. అందుకే కాస్త స్తోమత ఉన్న రైతు నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: రివాల్వర్‌కు లైసెన్సు తెచ్చుకుంటే నడుముకు ఉంటుంది, పందికీ పనికొస్తుంది, దొంగకూ పనికొస్తుంది అని. ఈ ఆలోచన మొదట్లోనే దారి తప్పిందని చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను. వెంట ఉంచుకోవడం, గురి, పంట కాపాడటం అనేవి మూడు వేర్వేరు పనులు. మొదటి పనికి ఏ గుణం వల్ల చేతి తుపాకీ బాగా పనికొస్తుందో, ఆ గుణమే మిగతా రెండు పనులనూ చెడగొడుతుంది.

ముందు గురి సంగతి చూద్దాం. మన దేశంలో పౌరుడికి లైసెన్సు మీద సాధారణంగా దొరికేది పాయింట్ 32 బోర్ రివాల్వరో పిస్తోలో. 9 మి.మీ. పిస్తోలు నిషిద్ధ బోర్ కిందికి వస్తుంది, మామూలు పౌరుడికి ఇవ్వరు. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో తెచ్చిన 'నిర్భీక్' రివాల్వర్ అర కిలో బరువుంటుంది, ధర అప్పట్లోనే లక్షా ఇరవై వేలు దాటింది. ఇలాంటి చిన్న రివాల్వర్ మీద వెనక గాడికీ, గొట్టం చివర గుర్తుకూ మధ్య దూరం సుమారు 10 సెంటీమీటర్లు. ఆ రెండూ ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే 25 మీటర్ల దూరంలో గుండు 25 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పందిని పడగొట్టే చోటు, అంటే గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం, దోసిలి అంత కూడా ఉండదు. పన్నెండు బోర్ పొడవు తుపాకీలో కంటికీ గొట్టం చివరి గుర్తుకూ మధ్య 80 సెంటీమీటర్లు ఉంటుందనుకోండి. అదే మిల్లీమీటరు తేడాకు అక్కడ గుండు తప్పేది 3 సెంటీమీటర్లే. ఇది తయారీలో లోపం కాదు, పొడవు లెక్క. ఎంత ఖరీదైన రివాల్వర్ కొన్నా ఈ లెక్క మారదు. దీనికి తోడు ట్రిగ్గర్ ఒకటుంది. చాలా రివాల్వర్లలో కొక్కెం ముందుగా ఎత్తకుండా ట్రిగ్గర్ పూర్తిగా లాగాలంటే నాలుగైదు కిలోల బలం కావాలి. ఆ బలం పడేది కిలో కూడా లేని వస్తువు మీద, భుజం ఆసరా లేకుండా చాచిన చేతుల మీద. చీకట్లో, గుండె దడదడలాడుతున్నప్పుడు ఒక్క మిల్లీమీటరు కదలకుండా ఉండేదెవరు?

మన హైదరాబాద్ ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు పోటీల్లో దేశానికి పతకాలు తేలేదా అని అడగవచ్చు. తెచ్చింది, అందుకు మనం గర్వపడాల్సిందే. ఆ పోటీ మొదటి దశలో గురి బోర్డు మీద పది పాయింట్ల వలయం అయిదు సెంటీమీటర్లే. అయితే ఆ చేతిలోని పిస్తోలును చూడాలి. అది పాయింట్ 22 బోర్, దెబ్బకు వెనక్కి తన్నడం దాదాపు ఉండదు. గురి గుర్తుల మధ్య 22 సెంటీమీటర్ల దూరం దాకా నియమాలు ఒప్పుకుంటాయి, అంటే జేబు రివాల్వర్‌కు రెట్టింపు. పిడి ఆ అరచేతికే మలిచినది, ట్రిగ్గర్ చాలా తేలిక. బోర్డు కదలదు, వెలుతురు నిండుగా ఉంటుంది, సాధన ఏళ్ళ తరబడి రోజూ జరుగుతుంది. ఆ పిస్తోలును నడుముకు కట్టుకుని ఎవరూ చేలో తిరగరు. అంటే ఈ ఉదాహరణ కూడా నా మాటనే బలపరుస్తోంది. గురి కుదరాలంటే పిస్తోలు కూడా పొడవు పెరగాలి, అప్పుడది వెంట ఉంచుకోవడానికి వీలుకాదు.

గురి కుదిరిందే అనుకుందాం, బలం చాలుతుందా? పాయింట్ 32 గుండు గొట్టం దాటేటప్పుడు మోసుకెళ్ళే శక్తి దాదాపు 150 జౌళ్ళు. పన్నెండు బోర్ తూటాలోని గుండ్లన్నీ కలిపితే అది రెండు వేల జౌళ్ళు దాటుతుంది. ముదిరిన మగ పందికి భుజాల మీద తోలు కింద గట్టి కవచం లాంటి పొర ఉంటుంది. చిన్న గుండు దాన్ని చీల్చి లోపలికి పోయినా పంది అక్కడికక్కడ పడదు. గాయంతో పక్క చేలోకో, పొదల్లోకో పోతుంది. తెల్లవారి ఆ దారిన నీళ్ళు పెట్టడానికి వచ్చిన మనిషి మీదికి లేచేది ఆ పందే. ఇక తప్పిన గుండు ఎక్కడికి పోతుంది? పాయింట్ 32 గుండు కిలోమీటరుకు పైగా పోగలదు. ఆదోని చుట్టూ ఉన్నవి గట్టి రాతి కొండలు, బండరాళ్ళు. రాతికి తగిలిన గుండు ఎటు మళ్ళుతుందో కాల్చినవాడికి కూడా తెలియదు. కాయ దశలో చేను చేనుకూ మంచె మీద ఒక మనిషి పడుకుని ఉంటాడన్న సంగతి మరవకూడదు. పన్నెండు బోర్ గుండ్లు అంత దూరం పోవు, త్వరగా వేగం కోల్పోతాయి. వాటి పట్టు 30, 35 మీటర్ల లోపే. ఊళ్ళ మధ్య చేలకు ఆ పొట్టి పట్టే మేలు.

మన చట్టం కూడా ఈ తేడాను స్పష్టంగా గుర్తించింది. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ అన్న మాట ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే, గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని ఉంది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే లోపల గాళ్ళు లేని నునుపు గొట్టపు తుపాకీ మరొకటి ఇవ్వవచ్చు. ఆత్మరక్షణకు, క్రీడకు అయితే గొట్టం 20 అంగుళాలకు తగ్గని నునుపు గొట్టపు తుపాకీ. రివాల్వర్, పిస్తోలు ఈ వరుసలో ఎక్కడా లేవు. అవి 'తగిన కారణం' చూపించి అధికారిని ఒప్పించాల్సిన రెండో తరగతిలోకి వస్తాయి. కాబట్టి పందుల పేరు చెప్పి రివాల్వర్ అడిగిన దరఖాస్తు వెనక్కి వస్తే అధికారిని తిట్టుకోవడంలో న్యాయం లేదు. 2019 సవరణతో ఒకరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, లైసెన్సు గడువు అయిదేళ్ళకు పెరిగింది. లైసెన్సు లేని నాటు తుపాకీ దొరికితే శిక్ష రెండేళ్ళకు తగ్గదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. పార చేతపట్టి, మోటార్‌సైకిల్ మీద పైపు కట్టుకుని రాత్రి కరెంటు వేళకు చేనుకు పోయే రైతు నాలుగు అడుగుల తుపాకీ ఎక్కడ పెట్టుకుంటాడు? ఎలుగు ఎదురైతే ఇంట్లో ఉన్న పొడవు తుపాకీ ఏం కాపాడుతుంది? నిజమే, దగ్గర లేని ఆయుధం అక్కరకు రాదు. ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో అడవి జంతువును చంపితే నేరం కాదని వన్యప్రాణి చట్టం 11వ సెక్షనే చెబుతోంది. కానీ ఎలుగు దాడి ఎలా జరుగుతుందో ఆలోచించండి. పొద మలుపులో, అయిదారు మీటర్లలో, అది ఉలిక్కిపడి మీద పడుతుంది. గుడ్డ తొలగించి, తీసి, ఎత్తి, గురి చూసే వ్యవధి అక్కడ లేదు. తీసినా ఆ 150 జౌళ్ళు ఎలుగును ఆపుతాయని నమ్మి అడుగు ముందుకు వేసినవాడు, ఆయుధం లేనివాడి కన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. చప్పుడుకే బెదిరి పారిపోతుందంటారా, టపాకాయ ఆ పని చేస్తుంది. ఇద్దరు కలిసి, పెద్ద టార్చితో, గట్టిగా మాట్లాడుకుంటూ పోతే ఎలుగు ముందే పసిగట్టి తప్పుకుంటుంది. రివాల్వర్ చేసేది ఆ జాగ్రత్తను మరిపించడం.

అసలు మాట పందుల గురించి కాదు, మనుషుల గురించి అనేవాళ్ళూ ఉన్నారు. ఫ్యాక్షన్ చూసిన సీమలో ఆ భయానికి కారణం లేదని నేను అనను. ప్రాణభయం నిజమైతే దాన్ని ఆ పేరుతోనే అధికారి ముందు పెట్టాలి, విచారణకు నిలబడాలి. అయితే రివాల్వర్ ఇంట్లోకి వచ్చాక అది శత్రువు కోసమే ఎదురుచూస్తూ ఉండదు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. వాన తప్పి, బోరు ఎండి, అప్పు మెడకు చుట్టుకునే నేల మనది. నిస్పృహ కమ్మిన ఒక్క గంటలో చేతికందే దూరంలో ఏముందన్నది ఇక్కడ చావు బతుకుల ప్రశ్న. ఇంటి పెద్దలు, ముఖ్యంగా ఆడవాళ్ళు, లైసెన్సు మాట వచ్చినప్పుడు ఈ సంగతి అడగాలి.

అలాగని పొడవు తుపాకీ లైసెన్సు చేతికొస్తే చేను గట్టెక్కినట్టు కాదు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పంట మేసిందని దాన్ని కాల్చడానికి అనుమతి ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. అడవి పంది 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులోకి వచ్చింది. పంటకు నష్టం చేస్తుంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి, కూరకు పనికిరాదు. ఆ అనుమతి కాగితం వచ్చేలోగా బుడ్డలు పీకడం కూడా అయిపోతుందని రైతు కోపం. ఆ కోపం న్యాయమైనది. దానికి జవాబు తలా ఒక రివాల్వర్ కాదు. కేరళ 2022లో ఆ అనుమతి ఇచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించింది. లైసెన్సు తుపాకీ ఉన్న, గురి తెలిసినవాళ్ళ జాబితా పెట్టుకుని, ఫిర్యాదు వచ్చినప్పుడు వాళ్ళను పిలుస్తారు. మండలానికి నలుగురైదుగురు శిక్షణ పొందినవాళ్ళు, చేతిలో పన్నెండు బోర్ తుపాకీ, జేబులో అనుమతి కాగితం. మన రైతు సంఘాలు కలెక్టరును, అటవీ శాఖను గట్టిగా అడగాల్సింది ఇదే.

అడుగుతూనే చేను చుట్టూ చేయగలిగింది చేయాలి. బుడ్డల చేను చుట్టూ కుసుమ సాళ్ళు దగ్గర దగ్గరగా వేస్తే ఆ ముళ్ళకూ వాసనకూ పందులు వెనకాడతాయని రాజేంద్రనగర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేశారు. కుసుమ మన రేగడికి కొత్త పంట కాదు, గింజ కూడా చేతికొస్తుంది. పది మంది గట్లు కలిపి సోలార్ కంచె వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. అది కొట్టే షాకు క్షణం పాటు ఉండి ఆగేది, బెదిరిస్తుంది, చంపదు. స్తంభం నుంచి నేరుగా తీగ లాగి పందికి పెట్టిన కరెంటు మాత్రం పక్కింటి మనిషిని చంపుతుంది. పెట్టినవాడు జైలుకు పోతాడు. ఇక అనుమతి వచ్చి తుపాకీ పేల్చాల్సిన రాత్రి వస్తే, పేల్చేవాడు మంచె మీద ఉండాలి, పంది కింద 30 మీటర్ల లోపు ఉండాలి. పై నుంచి కిందికి కాల్చినప్పుడే తప్పిన గుండ్లు మన చేని మట్టిలోకి దిగుతాయి. పక్క మంచెల మీది వాళ్ళందరికీ ఆ సాయంత్రమే కబురు వెళ్ళి ఉండాలి.