గాలపు కర్రకు మన్నికగల రీలు పీట



వెదురు కోసి, ఆరబెట్టి, గాలపు కర్రను స్వయముగా తయారుచేసికొను యువకులు మీలో కొందరుందురు. దారమును చుట్టుటకును విడుచుటకును బజారులో కొన్న రీలును దానికి బిగింతురు. వెదురు పెరటిలోనే దొరకవచ్చును గాని, రీలునకు రొక్కము చెల్లింపక తప్పదు. ఆ రీలును కర్రకు పట్టియుంచు చిన్న భాగమే రీలు పీట. అది వదులైననాడు చేప తప్పిపోవుట అటుంచి, రీలు సైతము నీటిపాలగును. కావున పీటను ఏ పదార్థముతో చేసిన మన్నునో నేడు మీకు విన్నవింపదలచితిమి.

పీటలో ముఖ్యముగా రెండు భాగములుండును. మొదటిది కర్రపై ఎక్కించు తొడుగు. రెండవది రీలు పాదమును నొక్కిపట్టు పొన్నులు. రోకలికి పొన్ను ఎందులకో మన ఇండ్లలోని స్త్రీలకు తెలియును. అది కర్రను చీలనీయదు. పీటకును పొన్ను ఆ మేలే చేయును. అంతేగాక రీలును కదలనీయదు. చిన్న చేపలకు జారుడు పొన్నులు రెండు చాలును. పెద్ద చేపలను పట్టదలచినవారు మరచుట్లపై తిరిగి బిగియు నట్టుగల పీటను ఎంచుకొనుట మేలు.

పదార్థమును ఎంచుకొనుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈ కర్రను ఏ నీటియొద్ద వాడుదుము?

ఊరి చెరువు, నిజాంసాగరము, నాగార్జునసాగరము వంటి మంచినీటి తావులకు టేకు తొడుగు, ఇత్తడి పొన్నులు చక్కగా సరిపోవును. టేకులో సహజముగనే నూనె యుండుటచే తేమకు అంతగా ఉబ్బదు. పాత ద్వారబంధము ముక్క దొరకిన మరియు మంచిది. పచ్చికలప ఆరినకొలది కుంచించుకొనిపోవును. నేడు బిగువుగానున్న పొన్ను వేసవి నాటికి వదులగును. నల్లతుమ్మ గట్టిదే గాని బరువైనది; బాగుగా ఆరినదానినే వాడవలెను. ఎర్రచందనము, జిట్రేగి కంటికి ఇంపైనవే. అయితే వాటి వ్యాపారముపై చట్టపు ఆంక్షలు కలవు. అనుమతి పత్రము లేని కలపను కొనరాదు.

పులికాట్ సరస్సునందును, సముద్ర తీరమునందును, ఏటిమొగలయందును సంగతి వేరు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. మంచినీటియొద్ద ఏండ్ల తరబడి నిలిచిన ఇత్తడి ఇచ్చట నెమ్మదిగా చెడును. దానిలోని జింకు కరగిపోయి, ఎర్రని గుల్లరాగి మిగులును. అల్యూమినియము తేలికైనది, దానిపై రక్షణపూత కలదు. కాని పూత గీసుకొనిపోయిన చోట తెల్లని పొడి, గుంటలు బయలుదేరును. దానికి ఉక్కు మరమేకు తగిలించినచో నష్టము ఇనుమడించును. రెండు లోహముల నడుమ ఉప్పునీరు చేరగా అది బ్యాటరీవలె పనిచేసి అల్యూమినియమును తినివేయును. కావున ఉప్పునీటి కర్రకు వేర్వేరు లోహములను కలుపకుండుట మొదటి నియమము. గాజునార కలిపిన నైలాను పీట తుప్పుపట్టదు, తేలికగానుండును. దాని పొన్నులలో లోహపు రేకు ఉన్నచో, 316 అను రకపు స్టెయిన్‌లెస్ ఉక్కును కోరవలెను. మాలిబ్డినము కలిసియుండుటచే అది ఉప్పును బాగుగా తట్టుకొనును.

పదార్థ మెంత మంచిదైనను అతుకు చెడినచో పీట నిలువదు. వెదురుపైని నున్నని పొరను గరుకు కాగితముతో రుద్దవలెను. టేకులోని నూనె జిగురును పట్టనీయదు గనుక తొడుగు లోపలి భాగమును రుద్ది, స్పిరిటు గుడ్డతో తుడువవలెను. కర్రకును తొడుగునకును నడుమ సందున్నచో నూలుదారమును చుట్టి, రెండు పాళ్ల ఎపాక్సీ జిగురుతో తడిపి నింపవలెను. లోపల ఖాళీ మిగిలినచో నీరు చేరి వెదురును కుళ్లబెట్టును. 24 గంటలు కదల్పక ఉంచవలెను. కలప నీటిని ఎక్కువగా పీల్చునది కోసిన కొనలయందే. అచ్చట వార్నిషు రెండు పూతలు వేయుట మరువరాదు.

పీటను కొనబోవునపుడు రీలును వెంట తీసికొనిపోయి పాదమును అమర్చి చూచుకొనుడు. ఉప్పునీటినుండి వచ్చినపిమ్మట రీలును విప్పి, రెంటిని మంచినీటితో కడిగి, నీడన ఆరబెట్టుడు.

కర్రలను చేసి అమ్ముకొను సోదరులకు మరియొక మాట. కొనువాడు దుకాణములో మెరుపును చూచును. పండుగప్ప గాలమును పట్టి లాగిన నాడు బిగువును చూచును. ఆనాడు పీట నిలిచెనా, రెండవ కర్రకు అతడు మీ గుమ్మమునకే వచ్చును. మెరుపునకు కాక నీటికి తగిన పదార్థమును ఎంచి, మీ చేతిపనికి మంచి పేరు తెచ్చుకొందురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.