వార్త కూడా పొలిమేర దాటాలి

జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్‌లో ఎం.ఏ. పూర్తిచేసిన విద్యార్థులకు హృదయపూర్వక అభినందనలు.

బీదర్‌లో చదువు గురించి మాట్లాడేవారెవరైనా మహమూద్ గవాన్ మదరసా పేరెత్తకుండా ఉండలేరు. 1472లో వెలసిన ఆ మూడంతస్తుల విద్యాలయాన్ని కట్టించిన గవాన్, పర్షియాలోని గిలాన్ ప్రాంతం నుంచి వ్యాపారిగా వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. ఉత్తరం రాయడాన్ని ఒక శాస్త్రంగా సాధన చేసినవాడు. ఆ కళ మీద ‘మనాజిర్-ఉల్-ఇన్షా’ అనే గ్రంథం రాశాడు. ఆయన లేఖల సంకలనం ‘రియాజ్-ఉల్-ఇన్షా’ ఇప్పటికీ చరిత్రకారులకు ఆధారం. అంతటివాడి ప్రాణం తీసింది ఒక దొంగ ఉత్తరం.

1481 ఏప్రిల్‌లో సుల్తాన్ మూడో మహమ్మద్ షా తెలుగునేల మీద, కొండపల్లి దగ్గర విడిది చేసి ఉన్నాడు. గవాన్ అంటే గిట్టని దర్బారీలు ఆయన ముద్రాధికారిని లోబరచుకుని ఒక ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. రాజ్యం మీదికి దండెత్తి రమ్మని ఒడిశా రాజును పిలుస్తున్నట్టు దాని మీద రాసి సుల్తాన్‌కు చూపించారు. ముద్ర తనదేననీ, రాత మాత్రం తనది కాదనీ గవాన్ చెప్పుకున్నట్టు ఫిరిష్తా చరిత్ర నమోదు చేసింది. కాగితం ఎవరు తెచ్చారు, దస్తూరి ఎవరిది, ముద్ర ఎవరి చేతుల్లో ఉంటుంది అని ఆ గుడారంలో ఎవరూ ఆరా తీయలేదు. అక్కడికక్కడే ఆయన తల తెగింది. నిజం తెలిశాక సుల్తాన్ కుమిలిపోయాడు, మరుసటి ఏడాదే కన్నుమూశాడు. తర్వాత కొన్ని దశాబ్దాల్లో బహమనీ రాజ్యం ఐదు ముక్కలైంది.

ఐదు శతాబ్దాలు దాటాక, 2018 జూలై 13న ఇదే జిల్లాలో మరో ప్రాణం పోయింది. హైదరాబాద్‌కు చెందిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు స్నేహితులతో కలిసి కారులో ఇటువైపు వచ్చాడు. దారిలో ఒక ఊరి దగ్గర ఆగినప్పుడు వాళ్ళలో ఒకరు పిల్లలకు చాక్లెట్లు పంచారు. అప్పటికే పల్లెల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు ముదిరి ఉంది. వాట్సాప్ సందేశం కారుకన్నా ముందే పక్క ఊళ్ళకు చేరింది. ముర్కి గ్రామం దగ్గర గుంపు దారికి అడ్డం కట్టి కారులోని వాళ్ళ మీద పడింది. అడ్డుపడిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి, ఆ యువకుడు మాత్రం బతకలేదు.

ఆ ఏడాది దేశమంతా తిరిగిన ఒక వీడియోను ఈ తరగతిలోని ప్రతి విద్యార్థీ చూసే ఉంటారు. మోటార్ సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోతారు. అసలుకైతే అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ ఇద్దరూ వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దింపి, తల్లిదండ్రులను హెచ్చరించే అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించారు. కొన్ని సెకన్లు మాయమయ్యేసరికి అవగాహన చిత్రం కాస్తా నేరానికి సాక్ష్యమైపోయింది. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి తెచ్చింది. పుకారు వేగం కొంత తగ్గింది. దానికి జవాబు చెప్పే పని మాత్రం మనుషులదే.

ఆ పని చేసి చూపించిన వాళ్ళున్నారు. ఆ వేసవిలోనే తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన కానిస్టేబుళ్ళను ఊరూరికీ పంపారు. జానపద కళాకారులతో పాటలు కట్టించి, డప్పు కొట్టించి, ఫోన్‌లో వచ్చిందల్లా నిజమని నమ్మవద్దని రచ్చబండల దగ్గర చెప్పించారు. గద్వాల కూడా బీదర్ లాగే సరిహద్దు జిల్లా, అవతల రాయచూరు. ఒక పోలీసు అధికారి చేసిన ఈ పని నిజానికి పాత్రికేయుల పని. విషయం ఎక్కడ పుట్టిందో కనుక్కోవడం, ఎవరికి చేరాలో వాళ్ళకు, వాళ్ళ మాటలో, వాళ్ళున్న చోటికి వెళ్ళి చెప్పడం: రెండేళ్ళ ఎం.ఏ. చదువు సారమంతా అందులో ఉంది.

మన దేశంలో ఈ చదువుకు వయసు పెద్దగా లేదు. దేశ విభజనకు ముందు, 1941లో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ మొదలైంది. 1951లో మైసూరు మహారాజా కళాశాలలో నాడిగ కృష్ణమూర్తి కన్నడనాట ఈ పాఠానికి పునాది వేశారు. 1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన శాఖను తెరిచింది. అప్పటికి బీదర్ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. అంటే ఈ జిల్లా పిల్లలకు ఉస్మానియా పొరుగు రాష్ట్రపు బడి కాదు, సొంత విశ్వవిద్యాలయమే.

ఈ చదువు చదివిన మనిషి ఏం చేయగలడో తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. సరిహద్దు అవతలి జహీరాబాద్ దాకా వెళ్తే చాలు.

పి.వి. సతీష్ మైసూరులో పుట్టారు. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్‌లో చదివారు. దాదాపు రెండు దశాబ్దాలు దూరదర్శన్‌లో గ్రామీణ కార్యక్రమాలు తీశారు. 1975-76లో ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ చూపించిన ‘సైట్’ ప్రయోగంలోనూ ఆయన పాలుపంచుకున్నారు. 1983లో మిత్రులతో కలిసి జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని ప్రారంభించారు. దళిత మహిళల సంఘాలు బీడు భూములను సాగులోకి తెచ్చాయి. జొన్న, కొర్ర, సామ విత్తనాలను మళ్ళీ ఇంటింటికీ చేర్చాయి. అక్కడితో ఆగి ఉంటే ఆయన మంచి సామాజిక కార్యకర్తగా మిగిలేవారు. కానీ తను చదివిన చదువును కూడా ఆ మహిళల చేతికే అందించారు.

అక్షరం రాని ఆడవాళ్ళు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఏ కోణం నుంచి తీస్తే ఏ అర్థం వస్తుందో వాళ్ళే తేల్చుకుని, వాటికి వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూపిస్తే ‘పటేల్ షాట్’. కింది నుంచి పైకి చూపిస్తే బానిస చూపు. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా కెమెరా నిలిపితే ‘సంఘం షాట్’. వాళ్ళకు నచ్చింది ఆ మూడోదే. ఫిల్మ్ స్టడీస్ పుస్తకాలు అధ్యాయాలకు అధ్యాయాలు వివరించే సంగతిని వాళ్ళు తమ బతుకులోంచి తీసి మూడు మాటల్లో పెట్టారు.

తర్వాత రేడియో. యునెస్కో సాయంతో మాచ్‌నూర్ గ్రామంలో 1990ల చివరికే స్టూడియో సిద్ధమైంది, అనుమతి మాత్రం రాలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో తెలంగాణకు చెందిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. అయినా స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరుచుకునేసరికి 2006 వచ్చింది. అన్నేళ్ళూ ఆ మహిళలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలను రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపిస్తూ వచ్చారు. చివరికి 2008 అక్టోబర్ 15న 90.4 ఎఫ్‌ఎం మీద సంఘం రేడియో గొంతు విప్పింది. దాన్ని నడిపించిన ఇద్దరి పేరూ నర్సమ్మే: ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. సాయంత్రం పొలాల నుంచి ఇళ్ళకు చేరిన వాళ్ళకు వినిపించింది పట్నం తెలుగు కాదు, తాము మాట్లాడుకునే తెలుగే. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఒక కన్నడిగుడు నేర్చుకున్న మాస్ కమ్యూనికేషన్ తెలుగు పల్లె మహిళల గొంతులో బతికింది.

ఆ జహీరాబాద్ 1956 అక్టోబర్ ఆఖరు దాకా బీదర్ జిల్లాలోదే. నవంబర్ 1న జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ఉద్గీర్, నిలంగా బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. మిగిలిన బీదర్ మైసూరు రాష్ట్రానికి వచ్చింది. చుట్టరికాలు, సంతలు, మాటలు మాత్రం గీతలకు లొంగలేదు. బీదర్ బజారులో కన్నడం, ఉర్దూ, మరాఠీ, తెలుగు ఈ రోజుకీ ఒకే బేరంలో కలిసి వినిపిస్తాయి.

కానీ పత్రికలు గీత దగ్గర ఆగిపోతాయి. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు తెచ్చినప్పుడు పల్లె వార్తకు మొదటిసారి పెద్దపీట పడింది. తక్కిన పత్రికలూ అదే దారి పట్టాయి. గ్రామీణ విలేకరికి గుర్తింపు వచ్చింది, మండలంలోని మంచీచెడూ అచ్చులోకి ఎక్కింది. దానితోపాటే ఒక జిల్లా వార్త పక్క జిల్లా పాఠకుడికి కనబడకుండా పోయింది. ఇక పక్క రాష్ట్రం సంగతి చెప్పేదేముంది? ముర్కి లాంటి చోట పుకారు ఏ అనుమతీ లేకుండా రెండు మూడు భాషల్లో పొలిమేరలు దాటేస్తుంది. దాన్ని ఖండించే వార్త మాత్రం ఒక భాషలో, ఒక జిల్లా పేజీలో, మర్నాడు పొద్దున వస్తుంది.

ఆ ఖాళీ పూడ్చగలిగిన వాళ్ళు ఇవాళ ఈ హాల్లో ఉన్నారు. బీడ్ జిల్లా కొండల్లో పుట్టిన మంజీరా నది బీదర్ మీదుగా సింగూరు, నిజాంసాగర్ చేరి గోదావరిలో కలుస్తుంది. దాని నీటి కథ పూర్తిగా రాయాలంటే మూడు రాష్ట్రాల దస్త్రాలు చదవాలి, మూడు భాషల్లో రైతులను పలకరించాలి. బెంగళూరు విలేకరికి అది దూరం, హైదరాబాద్ విలేకరికి అది అవతలి సంగతి. బీదర్ పట్టభద్రుడికి మాత్రం అది ఇంటి ముందు పారే ఏరు. కంది, సోయా ధరలైనా, హైదరాబాద్‌కు కూలికి వెళ్ళే కుటుంబాల బతుకైనా అంతే.

ఆధారాలు కూడగట్టడం ఎంత శక్తివంతమైన జవాబో ఈ నేల ఒకసారి చూసింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు ‘గోలకొండ పత్రిక’ సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి వాదోపవాదాలతో సరిపెట్టలేదు. ఊరూరి నుంచీ రచనలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రచురించారు. ఆ పుస్తకం వచ్చాక ఎదుటివారికి మాట లేకపోయింది.

నిజం రాయడానికి కొందరు ఎంత చెల్లించారో కూడా ఈ రోజు తలుచుకోవాలి. ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని రాశారు. బెదిరింపులు వచ్చినా కలం ఆపలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుండగా దుండగులు ఆయన మీద కాల్పులు జరిపి, చేయి నరికారు. చనిపోయేనాటికి ఆయన వయసు ముప్పై లోపే. మరో నెలకు సంస్థానం విలీనమైంది, చూడడానికి ఆయన లేరు.

ఈ పట్టాతో ఉద్యోగంలోకి వెళ్ళేవారికి కష్టాలున్నాయి, దాచవలసిన పని లేదు. చాలామంది స్ట్రింగర్‌గా, అచ్చయిన పంక్తుల లెక్కన డబ్బిచ్చే లైన్ అకౌంట్ మీద మొదలుపెడతారు. ప్రకటనలు తెమ్మని ఒత్తిడి ఉంటుంది. ముందు వేసేయి, తర్వాత సరిచూసుకుందాం అనే డెస్కులూ ఉంటాయి. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఈ పట్టభద్రులు గట్టిగా నిలబడాలి. ఫోన్‌లో వచ్చిన వీడియో ఎప్పటిదో, ఎక్కడిదో తేలేదాకా వార్త ఆపడం వెనకబాటు కాదని ఎడిటర్‌కు నచ్చజెప్పే ధైర్యం ఉండాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి చేతిలో ఉంది. పది రూపాయలతో అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వడం అధికారుల బాధ్యత. దాన్ని నెలకొకసారైనా వాడాలి.

ఇక ఒక విన్నపం. ఈ బ్యాచ్‌లో కన్నడం రాసేవారున్నారు, ఉర్దూ రాసేవారున్నారు, మరాఠీ, తెలుగు వచ్చినవారున్నారు. రేపు ఒకరు కలబురగిలో, ఒకరు హైదరాబాద్‌లో, ఇంకొకరు లాతూర్‌లో పనిచేయవచ్చు. విడిపోయే ముందే ఒక ఒప్పందానికి రండి. ఈ సరిహద్దులో ఎక్కడ పుకారు లేచినా, దగ్గర్లో ఉన్నవారు ఆ ఊరికి వెళ్ళి విచారించాలి. తేలిన విషయాన్ని మిగిలినవారు అదే పూట నాలుగు భాషల్లోకి మార్చి తమ తమ పత్రికలకు, చానళ్ళకు, ఆ ఊళ్ళ వాట్సాప్ గ్రూపులకు చేర్చాలి. దానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. మొదటి సమావేశం ఈ సాయంత్రమే, ఇదే ఆవరణలో పెట్టుకోవచ్చు.