మండువా లోగిలి



మన వట్లూరు, ఏలూరు ప్రాంతపు మండువా లోగిళ్ళను పాత కొంపలని త్రోసివేయకుడి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి కాలువలు ఈ పల్లపు నేలకు నీరిచ్చినవి, పడవలకు దారియైనవి. ఆ వరి పంటయే ఇటువంటి ఇండ్లకు పెట్టుబడి.

వాటి కట్టుబడి చూడుడి. వీధి అరుగు బాటసారి కూర్చుండుటకు. మందపు గోడలు ఎండ నాపుటకు. నడుమ ఆకాశమునకు తెరచిన మండువా. దాని చుట్టును స్తంభములపై లోపలికి వాలిన పెంకుటి కప్పు. వెలుతురు దిగును, వేడిగాలి పైకి పోవును. నాలుగు వైపుల వాన ఒక్కచోట పడి తూము గుండ వెలుపలికి పోవును. కాలక్రమమున కుమ్మరి పెంకు స్థానమున మంగళూరు పెంకు వచ్చినది. ఆ పెంకుల కర్మాగారమును మంగళూరులో నెలకొల్పినవారు బాసెల్ మిషను వారు.

అన్నదమ్ములు విడిపోవునప్పుడు గదులు పంచుకొనవచ్చును. మండువాను పంచుట ఎట్లు? నడుమ గోడ లేచినచో గాలియు వెలుతురును ఇరువురికిని తరుగును. తుదకు స్తంభములు అమ్ముడుపోవును, ఇల్లు నేలమట్టమగును.

కనుక అట్టి ఇల్లు గలవారు ఏటేట వానలకు ముందు పెంకు సర్దించుడి, తూము పూడిక తీయించుడి, వాసములకు చెదపట్టినదేమో చూచుకొనుడి. పుచ్చిన వాసము మార్పించవచ్చును. కూల్చిన లోగిలిని మరల నిలుపలేము.