పసుపు లైటు, ఎర్ర లైటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు పదిహేను నిమిషాలిచ్చి, అమెరికాలో సాధించిన విజయాల గురించి మాట్లాడమన్నారు. విజయాల గురించి చెప్పేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుకని నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి చెబుతాను. దానివల్ల నేను నేర్చుకున్నది ఎక్కువ.

యాభై రెండో ఏట నేనొక స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండే సీట్లు. సెకండ్ హ్యాండ్. పేరు చెప్పను, ఎందుకంటే జరిగినదాంట్లో తప్పు కారుది కాదు, నాది. మా ఆవిడ దాన్ని చూసి, "ఇందులో కూర్చోవడం కాదు, దూరాలి" అంది. అయినా నా సరదా నాది. ఎనిమిదో తరగతిలో నోటుపుస్తకం చివరి పేజీల్లో అలాంటి కార్ల బొమ్మలు వేసి లెక్కల మాస్టారి చేత తన్నులు తిన్నవాణ్ణి. మాస్టారు ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా.

ఒక వేసవి సాయంత్రం వర్జీనియాలో షెనండోవా కొండల మీద ఒక్కణ్ణే కారు నడుపుతున్నాను. అక్కడ శిఖరాల వెంబడి స్కైలైన్ డ్రైవ్ అని 105 మైళ్ల రోడ్డు ఉంది. గంటకు 35 మైళ్లు దాటకూడదు. అన్నీ వంపులే. మన శ్రీశైలం ఘాట్ రోడ్డులో వెళ్తున్నట్టే ఉంటుంది. ఒక వంపు తిరిగేసరికి డ్యాష్ బోర్డు మీద పసుపు రంగు లైటు వెలిగింది. ఇంజన్ ఆయిల్ లెవెల్ తక్కువగా ఉందని రాసి ఉంది.

గుండె జారిపోయింది. దృశ్యాలు చూడటానికి బండ్లు ఆపుకునే చోట ఆపాను. ఆ స్థలం ఏటవాలుగా ఉంది. బానెట్ ఎత్తి డిప్ స్టిక్ కోసం వెతికాను. లేదు! ఇప్పటి చాలా కార్లలో ఆ పుల్ల ఉండదు, లోపలున్న సెన్సార్ కొలిచి స్క్రీన్ మీద చూపిస్తుంది. డిక్కీలో రెండు ఆయిల్ సీసాలున్నాయి. ఒకటి మొత్తం పోసేశాను. స్టార్ట్ చేస్తే లైటు ఆరలేదు. రెండోది కూడా పోశాను. రెండూ కలిపి దాదాపు రెండు లీటర్లు. ఇక భయం లేదనుకుని కొండ దిగాను.

ఫ్రంట్ రాయల్ అనే ఊరు చేరి పెట్రోలు బంకులో ఆగేసరికి, వెనక నుంచి నీలంగా పొగ. ఇంజను వణుకుతోంది. స్క్రీన్ మీద ఇప్పుడు ఇంకో మాట: ఆయిల్ గరిష్ఠ స్థాయి దాటింది. రాత్రి ఎనిమిది. షెడ్లన్నీ మూసేశారు.

అప్పుడు గుర్తొచ్చాడు నా బెంచీ మిత్రుడు. పేరు చెప్పొద్దని షరతు పెట్టాడు కాబట్టి చెప్పను. పదో తరగతి తర్వాత వాడు చదువు ఆపేసి మేనమామ లారీ షెడ్డులో చేరాడు. ఇప్పుడు మన ఊరి బైపాసు దగ్గర వాడిదే షెడ్డు. నేను వాడితో మాట్లాడి ఇరవై ఎనిమిదేళ్లు. బ్యాచీ వాట్సాప్ గ్రూపులో నంబరు ఉంది. అక్కడ ఎనిమిదంటే ఇక్కడ తెల్లవారి అయిదున్నర. ఒక్క రింగుకే ఎత్తాడు.

నేను పొగ సంగతి మొదలుపెట్టబోతే వాడు ఆపేసి, "ముందు ఇంజన్ ఆపావా లేదా?" అన్నాడు.

"ఆపాను."

"వెలిగింది ఎర్ర లైటా, పసుపు లైటా?"

"పసుపు."

"అయితే బతికిపోయావు. ఎంత పోశావు?"

"రెండు లీటర్లు."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "ఒరేయ్, కింది గీతకీ పై గీతకీ మధ్య మహా అయితే లీటరు అటూ ఇటూ ఉంటుందిరా. మనిషైనా ఇంజనైనా ఎక్కువ తాగితే పడిపోతుంది. ఇంక స్టార్ట్ చెయ్యకు. లారీ మీద ఎక్కించి షెడ్డుకి పంపు" అన్నాడు.

అలాగే చేశాను. మర్నాడు అక్కడి మెకానిక్ ఎక్కువైన ఆయిల్ బయటికి లాగేశాడు. ఆ సాయంత్రం నిజంగా కావలసింది అర లీటరు. లైటు నిజమే చెప్పింది, తొందరపడింది నేను.

ఆ తర్వాత చాలా రాత్రులు వాడూ నేనూ ఫోన్లో మాట్లాడుకున్నాం. వాడు చెప్పినవి, నేను చదివి తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయి. స్పోర్ట్స్ కారు అందరికీ ఉండకపోవచ్చు, ఇంజనున్న బండి మాత్రం దాదాపు ప్రతి ఇంట్లో ఉంది.

మొదటిది. పసుపు వేరు, ఎరుపు వేరు. వాడు చెప్పిన పోలిక ఇది: ఇంటి సంపులో నీళ్లెన్ని ఉన్నాయన్నది లెవెల్. కుళాయిలో ధార వస్తోందా అన్నది ప్రెషర్. పసుపు లైటు సంపు తగ్గిందంటుంది. కంగారు లేకుండా, ఆలస్యమూ చేయకుండా, కొలిచి పోయాలి. ఎర్రటి నూనె డబ్బా బొమ్మ వెలిగితే ధార ఆగిపోతోందని అర్థం. జాగ్రత్తగా పక్కకి తీసి ఆ క్షణమే ఇంజన్ ఆపాలి. "ఇంకో నాలుగు కిలోమీటర్లే కదా, ఇంటికి పోదాం" అనుకున్న ఒకాయన కారు వాడి షెడ్డుకి తాడు కట్టి లాక్కొచ్చారట. ఇంజన్ పట్టేసింది. ఆయన బాగు చేయించడానికి పెట్టిన డబ్బుతో ఒక మోటారు సైకిలు వచ్చేదట.

ఆ ధార ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి, ప్రెషర్ పాఠం చెప్పిన మా ఫిజిక్స్ మాస్టారి అనుమతితో ఒక చిన్న కథ. 1880ల మొదట్లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. బేరింగు పైన నూనె పోయడానికి ఒక రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరుగుతుంటే నూనె లోపలికి పోవడం మాని బయటికి ఉబికింది. కార్కు బిరడా పెడితే నెట్టేసింది. చెక్క బిరడా పెడితే దాన్నీ నెట్టేసింది. తిరిగే ఇరుసు తానే నూనెను లాక్కుని, దాని మీద తేలుతోందని అప్పుడు తెలిసింది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. మన ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు తిరిగేదీ అలాంటి పొర మీదే. ఆ పొర వెంట్రుక కంటే పల్చన. అది తెగితే ఇనుముకు ఇనుము రాసుకుంటుంది.

రెండోది. ఎక్కువ పోసినా ప్రమాదమే. నూనె మట్టం పైకొస్తే క్రాంక్ షాఫ్టు దాన్ని కవ్వంలా చిలుకుతుంది. నురగ వస్తుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి పంపు సరిగ్గా నెట్టలేదు. కొంత నూనె గాలి దారిలోకి పోయి కాలి నీలం పొగవుతుంది. పొగగొట్టంలో ఉండే ఖరీదైన కన్వర్టరును కూడా పాడు చేస్తుంది.

మూడోది. కొలిచే పద్ధతి. లారీలకు పొద్దున్నే స్టార్ట్ చేయక ముందు, చదును నేల మీద, పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూస్తారు. కొన్ని స్పోర్ట్స్ కార్లకు ఇది సరిపోదు. వాటిలో నూనెను ఇంజను అడుగున కాకుండా వేరే ట్యాంకులో ఉంచుతారు. దాన్ని డ్రై సంప్ అంటారు. వేగంగా వంపు తిరిగినప్పుడు నూనె ఒక పక్కకి పోయి పంపుకు అందకుండా పోకూడదని ఆ ఏర్పాటు. పాత పోర్షె 911లో ఇంజను వేడెక్కాక, నడుస్తూ ఉండగానే పుల్ల ముంచి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే తప్పు లెక్క వస్తుంది. పుల్ల లేని కార్లలో చదును నేల, వేడెక్కిన ఇంజను, కాసేపు ఓపిక కావాలి. ఒక్కో బండికి ఒక్కో పద్ధతి. అది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. నా పుస్తకం డ్యాష్ బోర్డు అరలోనే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

నాలుగోది. పోసేటప్పుడు ఒకేసారి లీటరు పోయకండి. పావు లీటరు పోసి, ఆగి, కొలిచి, అవసరమైతే మళ్లీ పోయండి. ఆ బండికి చెప్పిన నూనే పోయండి. డబ్బా మీద 5డబ్ల్యూ-40 అని ఉంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో అది ఎంత సులువుగా పారుతుందో, తర్వాతి అంకె వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. పదే పదే లైటు వస్తుంటే పోస్తూ కూర్చోకండి. కారుతోందా, కాలుతోందా, మెకానిక్కుకి చూపించండి.

ఇంతే నా సాంకేతిక ప్రసంగం. ఇక అసలు మాట.

ఆ రాత్రి ఫోన్ పెట్టేసే ముందు వాడు నన్ను ఒకటే అడిగాడు. "భోంచేశావా?" అని. ఇరవై ఎనిమిదేళ్లు ఎందుకు ఫోన్ చేయలేదని అడగలేదు. కారు పొగ వదిలితే గాని గుర్తు రాలేదా అని అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. బంకు పక్కన అరుగు మీద కూర్చుని చాలాసేపు సిగ్గుపడ్డాను. మా నాన్న పోయినప్పుడు, నేను వచ్చేలోపు, మోసినవాళ్లలో వాడున్నాడని అమ్మ చెప్పింది. అప్పుడు కూడా నేను ఫోన్ చేయలేదు. పసుపు లైటు నాకు అక్కడ ఎప్పుడో వెలిగింది. నేనే చూడలేదు.

స్వర్ణోత్సవ కమిటీకి నాదొక విన్నపం. మన బడికి ఒక పాత ఇంజన్ కావాలి. కోసి, స్టాండు మీద నిలబెట్టి, క్రాంక్ షాఫ్టు, బేరింగులు, ఆయిల్ దారులు పిల్లలకు కనబడేలా పెట్టాలి. ఇంజన్ నా మిత్రుడు ఇస్తానన్నాడు. స్టాండు, రవాణా ఖర్చు నాది. నెలకొక శనివారం వాడే వచ్చి పిల్లలకు చూపిస్తానన్నాడు. హెడ్ మాస్టరు గారు ఒప్పుకుంటే, ఈ బడిలో పదో తరగతితో చదువు ఆపేసిన నా మిత్రుడు ఇదే బడిలో పాఠం చెబుతాడు.

వాడు ఇప్పుడు చివరి వరుసలో కూర్చున్నాడు, స్తంభం పక్కన. చదువుకునే రోజుల్లో కూడా అక్కడే కూర్చునేవాళ్లం. నా ప్రసంగం అయిపోయింది కాబట్టి, నేనూ వెళ్లి అక్కడే కూర్చుంటాను.