పిల్లలను మనతో కలిసి పెంచేవారు
(తలిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగము)



పొద్దున్న తొమ్మిది దాటితే మన పిల్లలు మన చేతులలో ఉండరు. చంటివాళ్ళు అంగన్‌వాడీ టీచరు దగ్గర, ఆయమ్మ దగ్గర. పెద్దవాళ్ళు బడిలో మాస్టారి దగ్గర. దారిలో ఆటో నడిపే అబ్బాయి, మధ్యాహ్నము అన్నము వడ్డించే ఆమె. హాస్టలు పిల్లలైతే రాత్రి కూడ వార్డెను దగ్గరే. వీరందరితో మనము ఎలా మెలగవలెనో నాలుగు మాటలు చెప్పమన్నారు. సెప్టెంబరు 5వ తేదీన పూలదండ వేయుట అందరికి తెలిసినదే గనుక దానిని వదిలి, మిగిలిన రోజుల సంగతి చెప్తాము.

మన కోనసీమ సంగతితోనే మొదలుపెట్టుకుందాము. అమలాపురము, రాజోలు, పి. గన్నవరము ప్రాంతముల నుండి ఇంటిపనికని కువైట్, దుబాయి, మస్కట్ వెళ్ళిన తల్లులు ఎందరో ఉన్నారు. అక్కడ ఆ తల్లి ఇంకొకరి బిడ్డకు స్నానము చేయించి, అన్నము తినిపించి, జోకొడుతుంది. ఆమె కన్నబిడ్డను ఇక్కడ అమ్మమ్మో, నాయనమ్మో, పిన్నో చూస్తుంది. పరాయి బిడ్డను సాకుట ఎంత చాకిరీయో, ఆ ఇంటివారు ఒక మంచి మాట అంటే ఆ రోజు ఎలా గడుస్తుందో, కసిరితే ఎలా గడుస్తుందో ఈ తల్లులకు ఎవరూ నేర్పనక్కరలేదు. మన వీధిలోని ఆయమ్మకు కూడ అదే మనసు గదా! "ఏమే, పిల్లవాడి మూతి తుడవలేదేం?" అని గుమ్మము నుండి కేకవేసేవారు ఈ మాట ఆలోచించవలెను.

అటువంటి ఇళ్ళలో మాస్టారికి వచ్చే చిక్కు వేరు. పిల్లవాడు నాలుగు రోజులు బడికి రాలేదు. ఎవరిని అడగాలి? అవ్వకు చదువు రాదు. తండ్రి పనిమీద ఎక్కడో ఉంటాడు. కువైట్ గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ సాయంత్రము నాలుగైతే అక్కడ ఒంటిగంటన్నర, ఆ తల్లి వంటింట్లో తలమునకలై ఉండే వేళ. ఆమె కబురు చూసేది రాత్రికే. అందువలన విమానము ఎక్కకముందే ఆ తల్లి ఒక్కసారి బడికి వెళ్ళి, "మాస్టారండీ, నేను వచ్చేదాక వీడికి ఫలానావారు పూచీ, ఇది వారి ఫోను నెంబరు" అని చీటీ వ్రాసి ఇచ్చి రావలెను. ఉపాధ్యాయునికి ఇంతకంటె గొప్ప గౌరవము మాకు తోచదు. లంకలలోని వారు ఆ చీటీలో ఇంకొక మాట చేర్చాలి. 2022 జూలై వరదవంటిది వచ్చి పడవలమీద రాకపోకలు జరిగినప్పుడు, రేవు దగ్గర బిడ్డను దించుకొనేది ఎవరో కూడ వ్రాసి పెట్టాలి.

మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నగారు "పాలేరు" అని ఒక నాటకము వ్రాశారు. పాలేరుగా ఉన్న కుర్రవాడు చదువుకొని పైకివచ్చిన కథ అది. ఆ కాలపు మన పెద్దలలో అనేకులకు వ్రాలు చేయుట రాదు. అయినా భుజముమీది తువ్వాలు తీసి చేతపట్టుకొని, "వీడిని మీ చేతిలో పెడుతున్నామండీ" అని బిడ్డను బడిలో దింపి వచ్చేవారు. "కళ్ళు తప్ప ఎక్కడైనా కొట్టండి" అని కూడ అనేవారు! మొదటి మాట మనకు కావాలి. రెండవది వద్దు. 2009 విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మనసు నొప్పించుటను నిషేధించినది. గౌరవమంటే నోరు మూసుకొనుట కాదు. బిడ్డ ఒంటిమీద వాత కనబడితే తప్పక అడగాలి. అయితే మొదట ఆ మాస్టారినే అడగాలి, ఆ తరువాత హెడ్మాస్టరుగారిని, అప్పటికీ కాకపోతే కమిటీలోను, పైవారిని. వాట్సాప్ గ్రూపులో ముందు తిట్టిపోసి, సంగతి ఏమిటని తరువాత కనుక్కొనుట మాత్రము న్యాయము కాదు.

అదే చట్టము ప్రకారము పాఠశాల కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే ఉండాలి, సభ్యులలో సగముమంది స్త్రీలు ఉండాలి. 2024 డిసెంబరు 7న, మరల 2025 జూలై 10న రాష్ట్రమంతట బడులలో తలిదండ్రుల పెద్ద సమావేశములు జరిపారు. మంచిదే. కాని మామూలు నెలలలో కమిటీ పిలిస్తే ఎందరు వస్తున్నారు? పగలు పదకొండు గంటలకు రమ్మంటే కూలి పోతుంది. ఈ మాట మాస్టార్లు కూడ వినాలి. పొద్దుగూకిన తరువాత అరగంట కూర్చుంటే మన ఆడవాళ్ళు వస్తారు.

ఇక ఇంట్లో మాట. కంచము ముందు కూర్చొని "ఆ పంతులికేం వచ్చు?" అని తండ్రి అంటే, ఎదురుగా అన్నము తింటున్న పిల్లవాడు మరునాడు ఆ పంతులు చెప్పిన లెక్క ఎలా వింటాడు? అభ్యంతరముంటే పిల్లలు పడుకున్నాక చెప్పుకోవచ్చును. తెల్లవారి వెళ్ళి అడగవచ్చును.

బడిలో పెట్టే అన్నానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మన లంకల గన్నవరములో దారినపోయేవారికి వేళ కాని వేళ అన్నము పెట్టి 1909లో కన్నుమూసిన తల్లి ఆమె. ఆమె పేరిట గరిట పట్టుకొని నిలబడేది మన పేట ఆడపడుచే. కూర బాగులేదని పిల్ల చెప్తే, ఒక రోజు వెళ్ళి రుచి చూసి, బాగులేకపోతే నెమ్మదిగా చెప్పండి. బాగుంటే బాగుందని కూడ చెప్పండి. ఈ రెండవది మనవాళ్ళకు బరువు!

అంగన్‌వాడీ పథకము 1975 అక్టోబరు 2న మొదలైనది. బిడ్డ బరువు తూచుట, గ్రుడ్డు, పాలు ఇచ్చుట, గర్భిణులను కనుక్కొనుట, ఆటపాటలు నేర్పుట, లెక్కలు వ్రాయుట, ఇవన్నియు ఇద్దరు స్త్రీల మీదనే. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రములో వారు సమ్మెకు దిగి 42 దినములు కూర్చున్నారు. అప్పటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయమ్మకు 7,000. "ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగిన తల్లులు చాలమంది. "మీకు ఎంత ఇస్తున్నారమ్మా?" అని కూడ అడిగినవారు కొందరు ఉన్నారు, వారికి మా నమస్కారము. జీతము పెంచుట మన చేతిలో లేదు. సాయంత్రము వేళకు వెళ్ళి బిడ్డను తెచ్చుకొనుట మన చేతిలో ఉన్నది. జ్వరము కాస్తున్న బిడ్డను చెప్పకుండ వదిలి రాకుండుట, పిల్లలచేత "ఆయమ్మగారూ" అనిపించుట మన చేతిలోనే ఉన్నవి.

గల్ఫుకు ప్రయాణమవుతున్న తల్లులు ఈ కూటములో ఉంటే, పైన చెప్పిన చీటీ వ్రాసుకొనుటకు కూడిక ముగిసిన తరువాత స్త్రీల సమాజము వారిని కలవండి. కాగితము, కలము మేము తెచ్చాము. పూచీ ఉండేవారిని కూడ వెంటబెట్టుకొని రండి.