బందరు బడి, పల్లె పంతులు

1841లో బందరు (మచిలీపట్నం) చేరిన క్రైస్తవ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ బడి పెట్టారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరు భగ్గుమంది, తరగతులు ఖాళీ అయ్యాయి. ఆయన బడి మూయలేదు. 1864 నవంబరు ఉప్పెన బందరును ముంచేసింది. మరుసటి ఏడే ఆయన అక్కడే కన్నుమూశారు.

నాకు ఆయనకన్నా ఆత్మీయులు ఆ తర్వాత వచ్చిన పల్లె పంతుళ్లు. గుడివాడ వైపు, దివిసీమలో, వారిలో ఎందరో సేద్యగాళ్ల బిడ్డలే. వారమంతా పాకలో పలకల మీద గుణింతాలు దిద్దించి, ఆదివారం అదే పాకలో ప్రార్థన నడిపేవారు. నాట్లకు, కోతలకు పిల్లలు పొలానికి వెళ్లిపోతే, పొద్దుగూకాక లాంతరు వెలిగించి మళ్లీ పాఠం చెప్పేవారు. ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను.