కొట్టు లెక్క వేరు, దేశం లెక్క వేరు

(అంబేడ్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున ఇక్కడికి వస్తుంటే టీకొట్టు కాడ ఒక పెద్దమనిషి అన్నాడు: "మాస్టారూ, దేశం బాగుపడాలంటే పెద్ద వ్యాపారం నడిపినోడు రావాల. పది ఫ్యాక్టరీలు నడిపినోడికి దేశం నడపటం ఒక లెక్కా?" అని. ఆయన అన్నందుకు నాకు బాధ లేదు. పక్కనున్న మన కుర్రోళ్లిద్దరు అవునని తలూపారు. అందుకే ఈ మాట ఎత్తుకుంటున్నాను.

మొదట కొట్టు లెక్క చూద్దాం. షావుకారు కొట్లో నలుగురు గుమాస్తాలున్నారు. బేరాలు తగ్గితే ఇద్దర్ని మానిపిస్తాడు. ఖర్చు తగ్గుద్ది, కొట్టు నిలబడుద్ది. ఆ ఇద్దరూ ఏమైపోయారో ఆయన జమాఖర్చు పుస్తకంలో ఉండదు. మరి దేశం ఎవర్ని మానిపిస్తుంది? "కరువొచ్చింది, మాలపల్లె మాదిగపల్లె రేపట్నుంచి ఈ దేశంలో లేవు" అనగలదా? పని పోయినోళ్లు కూడా ఇక్కడే ఉంటారు, పిల్లల్ని ఇక్కడే సాకాలి. ఇంకో సంగతి. కూలోడి చేతిలో డబ్బు లేకపోతే ఆ షావుకారు దగ్గర ఉప్పూ పప్పూ కొనేదెవరు? ఒకరి ఖర్చే ఇంకొకరి రాబడి. ఒక్క కొట్టును నిలబెట్టే పనిని దేశమంతా ఒక్కసారే చేస్తే అందరి కొట్లూ మూతబడతాయి.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో హెర్బర్ట్ హూవర్ అని ఒకాయన గనుల వ్యాపారంలో బాగా గడించి, 1929లో అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడాదే షేర్ల మార్కెట్టు కూలింది. అది ఆయన ఒక్కడి తప్పని నేననను. కానీ తర్వాత ఏం చేశాడు? వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు వద్దని రాసిచ్చినా, 1930లో దిగుమతుల మీద సుంకాలు పెంచే చట్టంపై సంతకం పెట్టాడు. జనం దగ్గర డబ్బులేని 1932లో, బడ్జెట్ సరిచేయాలని పన్నులు పెంచాడు. షావుకారు జాగ్రత్త అది. 1933 నాటికి అక్కడ పనిచేసే నలుగురిలో ఒకడికి పని లేదు.

మన దేశం సంగతి చూడండి. టి.టి. కృష్ణమాచారి 1928లోనే సొంత వ్యాపార సంస్థ పెట్టిన మనిషి. నెహ్రూ ఆయన్ని ఆర్థికమంత్రిని చేశాడు. 1957లో జీవిత బీమా సంస్థ, అంటే చిన్న జీతగాళ్లు కట్టుకున్న సొమ్ము, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కోటీ ఇరవై లక్షల పైచిలుకు పెట్టి కొన్నది. ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో నిలదీశాడు. చాగ్లా కమిషన్ విచారణ జరిగింది. 1958లో మంత్రి రాజీనామా చేశాడు. మంత్రి డబ్బు తిన్నాడని నేను చెప్పటంలేదు. మంత్రికి వ్యాపారం తెలిసినంత మాత్రాన జనం సొమ్ముకు కాపలా దొరకదని చెప్తున్నాను. ఆ రోజు కాపలా కాసింది సభలో లేచి అడిగిన ప్రశ్న.

ఇప్పుడు మన సంగతికొస్తాను. వ్యాపార అనుభవమే అర్హత అంటే ఆ అర్హత ఎవరికుంది? రెండు గ్లాసుల పద్ధతి నడిచిన ఊళ్లో మనోడు టీకొట్టు పెడితే తాగేదెవరు? బాబాసాహెబ్‌కే ఈ దెబ్బ తగిలింది. అమెరికాలో అర్థశాస్త్రం చదివొచ్చి, బొంబాయిలో షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే కంపెనీ పెట్టాడు. ఆయన అంటరానివాడని తెలిసేసరికి వచ్చేవాళ్లు రావటం మానుకున్నారు. కంపెనీ మూతబడింది. అంటే టీకొట్టు పెద్దమనిషి లెక్కన అంబేడ్కర్ వ్యాపారంలో ఓడిపోయిన మనిషి! ఆ మనిషే 1923లో రూపాయి సమస్య మీద గ్రంథం అచ్చువేశాడు. 1925లో రాయల్ కమిషన్ ముందు కూర్చుని దేశానికి ఎలాంటి నాణెం కావాలో చెప్పాడు. 1942 నుంచి వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూశాడు. ఆయన వ్యాపారాన్ని కులం మూయించగలిగింది గానీ, ఆయన బుర్రను మూయించలేకపోయింది.

పూర్వం ఓటుకే ఆస్తి కావాలనేవారు. శిస్తు కట్టేవాడికే ఓటు. 1928లో సైమన్ కమిషన్ ముందు బాబాసాహెబ్ వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు కావాలన్నాడు. రాజ్యాంగం ఇచ్చింది. 1951-52లో మన తాతలు, అవ్వలు వరుసలో నిలబడి ఓటేశారు. అప్పుడు ముందు తలుపులోంచి పంపేసిన ఆస్తి అర్హతే, ఇప్పుడు వ్యాపార అనుభవం అని పేరు మార్చుకుని దొడ్డిదారిన వస్తోంది.

అట్లాగని వ్యాపారం తెలియకపోవటం గొప్పని నేననను. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దు చేశారు. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ నోట్లే. సంతలో మేకలమ్మే మనిషిని అడిగినా చెప్పేవాడు, చేతిలో నోటు లేకపోతే బేరం ఆగిపోద్దని. కూలీలు పనులు వదిలి బ్యాంకుల ముందు నిలబడ్డారు. 99 శాతానికి పైగా నోట్లు తిరిగొచ్చాయని 2018లో రిజర్వు బ్యాంకే లెక్క చెప్పింది. కాబట్టి బేరసారాలు తెలిసినోళ్ల మాట వినాలి. పెద్ద కంపెనీ యజమాని మాటే కాదు, గంపలో చేపలమ్మే అక్క మాట కూడా వినాలి. వినటం వేరు, గల్లాపెట్టె తాళం అప్పజెప్పటం వేరు.

నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా అమ్మానాన్న కూలోళ్లు, వేలిముద్రలోళ్లు. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదివాను. పురుగులన్నం తిన్నాను, నీళ్ల సాంబారు తాగాను, కానీ చదివాను. వ్యాపారి పుస్తకంలో ఆ హాస్టలు వట్టి నష్టం. ఏటేటా ఖర్చేగానీ ఒక్క రూపాయి రాబడి లేదు. పదేళ్లకు ఒక మాస్టారు తయారవుతాడనీ, ఆ మాస్టారు వందలమందికి అక్షరాలు దిద్దిస్తాడనీ ఏ గుమాస్తా జమ రాస్తాడు? 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పని మొదలైనప్పుడూ దండగ ఖర్చన్నారు. ఆ కూలి డబ్బుతో ఊళ్లో కొట్టుకు బేరం పెరగటం మనం చూశాం. రైతు దగ్గర మన ఆడోళ్లు కూలి పెంచమని గట్టిగా అడగటమూ చూశాం.

అందుకే తమ్ముళ్లారా, ఓటడిగేవాడు వస్తే "నువ్వెంత వ్యాపారం చేశావు" అని అడగొద్దు. "నీ లెక్క పుస్తకంలో మా పేట ఎక్కడుంది? నీ కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉందా? తప్పు చేస్తే వచ్చి జవాబు చెప్తావా?" అని అడగండి. అడగాలంటే మనకూ లెక్క రావాలి. జనాభా నిష్పత్తిలో మనకు నిధులు కేటాయించాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. కేటాయించిందెంత, మన పేటకు చేరిందెంత అని ఎంతమందిమి చూశాం? వచ్చే ఆదివారం సాయంత్రం మా బడి వరండాలో బడ్జెట్ కాగితాలు పట్టుకుని కూర్చుంటాను. పదో తరగతి పాసైన పిల్లలు పెన్నూ పుస్తకం తీసుకుని రండి. చదువురాని పెద్దోళ్లూ రండి. ఏం అడగాలో మీరు చెప్పండి, ఎట్లా చదవాలో నేను చెప్తాను.

జై భీమ్.